అధివాస్తవిక కాంపోజిట్ ఫోటోలు: ఏ పద్ధతి, ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి తగినది

రైతు శనక్కాయ చెట్టును పీకి పైకెత్తాడు. వేళ్ళకు కాయల బదులు వెలుగుతున్న బల్బులు వేలాడుతున్నాయి. గుత్తి దగ్గరి బండరాతి గుండు ఒకటి ఎర్రచేను మీద ముప్పై అడుగుల ఎత్తున గాలిలో నిలిచి ఉంది. లేపాక్షిలో నేలను తాకీ తాకని ఆ ఒక్క స్తంభానికి తోడుగా మండపమంతా నేలను వదిలి లేచింది. అనంతపురం చుట్టుపక్కల కెమెరా పట్టినవారికి ఇలాంటి ఊహలకు కొదవ లేదు. ఊహ తోచిన వెంటనే చాలామంది అడిగేది మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. కాంపోజిట్ అంటే వేర్వేరు ఫోటోల ముక్కలను కలిపి చేసే ఒకే చిత్రం. ఆ ముక్కలను ఏ పద్ధతిలో సేకరించాలో ముందు తేల్చుకుంటే సాఫ్ట్‌వేర్ ఎంపిక సగం దానంతట అదే తేలిపోతుంది, కొన్నిసార్లు పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

అధివాస్తవిక చిత్రం చూసేవారిని ఒకే ఒక్క అసాధ్యాన్ని నమ్మమంటుంది. వేళ్ళకు బల్బులు కాయడం అసాధ్యం. రైతు చేతికంటిన మట్టి, చేను మీది సాయంత్రపు వెలుగు, మొక్క నీడ మాత్రం నిజంగా ఉన్నట్టే ఉండాలి. కత్తిరింపు ఎంత శుభ్రంగా ఉన్నా నీడ తప్పితే, కారణం చెప్పలేనివారికి కూడా ఆ బొమ్మ అతుకుల బొంతలాగే కనిపిస్తుంది. అందుకే ఈ పోలికలో రెండు కొలతలకే పెద్దపీట వేశాను: వెలుగునూ నీడనూ ఎంత స్వేచ్ఛగా దిద్దవచ్చు అన్నది ఒకటి, నెల తర్వాత ఫైలు తెరిచి అదే దిద్దుబాటును మళ్ళీ మార్చే వీలు ఉందా లేదా అన్నది మరొకటి. ఫిల్టర్ల సంఖ్యను నేను లెక్కలోకి తీసుకోలేదు.

ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయి

మొదటి దారి, ఒకే చోట, ఒకే వెలుగులో, ట్రైపాడ్ కదపకుండా రెండు మూడు ఫ్రేములు తీయడం. ఒక ఫ్రేములో మనిషి స్టూలు మీద నిలబడతాడు. రెండో ఫ్రేములో మనిషీ స్టూలూ లేని ఖాళీ నేల ఉంటుంది. రెండింటినీ ఒకదానిపై ఒకటి లేయర్లుగా పెట్టి, స్టూలునూ దాని నీడనూ మాస్కుతో (లేయరులో కొంత భాగాన్ని చెరపకుండా దాచే ముసుగుతో) కప్పేస్తే మనిషి గాలిలో తేలతాడు. మనిషి నీడ అసలుదే కనుక దాన్ని కల్పించే శ్రమ ఉండదు. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడింటినీ మాన్యువల్‌లో ఉంచాలన్నది ఒక్కటే షరతు. కెమెరా తనంతట తాను వీటిలో ఏది మార్చినా రెండు ఫ్రేములూ ఒకదానితో ఒకటి కలవవు.

రెండో దారి, వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజుల్లో తీసిన ఫోటోలను కూర్చడం. గుండు గుత్తి దగ్గరిది, చేను కళ్యాణదుర్గం వైపుది, మబ్బులు ఆగస్టువి. ఊహకు హద్దు ఉండదు, పని భారమూ అంతే పెరుగుతుంది. ప్రతి ముక్కకూ వెలుగు దిశ, లెన్సు ఎత్తు, దూరపు మసక అన్నీ సరిపోవాలి. లెన్సు ఎత్తును చాలామంది పట్టించుకోరు. నిలబడి తీసిన చేనులో, కింద కూర్చుని తీసిన మనిషిని పెడితే దిగంత రేఖ ఇద్దరికీ ఒకచోట కలవదు. ఆ తప్పును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచేయలేదు.

మూడోది, మాటల్లో వర్ణించి కృత్రిమ మేధతో పుట్టించడం. దాని సంగతి చివర్లో చెబుతాను.

మొదటి రెండు దారులూ కంప్యూటరు కన్నా చాలా పాతవి. ఆస్కార్ రేలాండర్ అనే ఫోటోగ్రాఫర్ 1857లో ముప్పైకి పైగా నెగెటివ్‌లను కలిపి ఒకే ప్రింటు తయారుచేశాడు. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగెటివ్‌లతో అదే పని చేశాడు. ఇరవయ్యో శతాబ్దంలో జెర్రీ యుల్స్‌మన్ డార్క్‌రూములో అనేక ఎన్‌లార్జర్లను (నెగెటివ్‌ను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రాలను) వరుసగా పెట్టుకుని, ఒకే కాగితాన్ని ఒకదాని కింద నుంచి మరొకదాని కిందికి జరుపుతూ, నేటికీ నమ్మశక్యం కాని చిత్రాలు చేశాడు. ఈనాటి చాలా కెమెరాల్లో ఉన్న, ఒకే ఫ్రేములో రెండు మూడు దృశ్యాలను కలిపే మల్టిపుల్ ఎక్స్‌పోజర్ వసతి కూడా ఆ వంశానిదే. ముఖం నీడ ఆకారంలో చెట్టు కొమ్మలు కనిపించే తరహా చిత్రాలకు అది సరిపోతుంది, అంతకు మించి ఆశించకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి దారిలోనే నడవాలని నా గట్టి అభిప్రాయం. బల్బుల చిత్రాన్నే తీసుకుందాం. ఒక చోట పడే వెలుగును లక్సుల్లో కొలుస్తారు. పట్టపగటి ఎండ సుమారు లక్ష లక్సులు ఉంటుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలుగు మీటరు దూరంలో సుమారు వంద లక్సుల స్థాయిలోనే ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం తీసిన రైతు ఫోటోలో వెలుగుతున్న బల్బులను అతికిస్తే, అంత ఎండలో ఆ వెలుగు ఎలా కనిపిస్తుందన్న సందేహం చూసేవారి మనసులో తెలియకుండానే పుడుతుంది. దానికి బదులు పొద్దు గుంకిన పది ఇరవై నిమిషాలకు, కరెంటు లేకున్నా వెలిగే ఇన్వర్టర్ బల్బు ఒకదాన్ని నిజంగానే మొక్క వేళ్ళ దగ్గర పట్టుకుని ఒక ఫ్రేము, బల్బు లేకుండా మరో ఫ్రేము తీస్తే, రైతు వేళ్ళ మీద, చొక్కా అంచు మీద, కింది మట్టి మీద పడిన పసుపు వెలుగు అసలుదే అవుతుంది. తర్వాత ఇంట్లో చీకటి గదిలో విడిగా తీసిన మరిన్ని బల్బులను స్క్రీన్ బ్లెండ్ మోడ్‌లో చేర్చితే నల్లని భాగం దానంతట అదే మాయమవుతుంది. ఈ చిత్రానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు.

లేపాక్షి చిత్రానికి మాత్రం ఈ దారి అంత తేలికగా దొరకదు. ఆలయం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది, అక్కడ ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకపోతే చేత్తో పట్టుకుని తీయాల్సిందే. చేత్తో తీసిన రెండు ఫ్రేములు ఎప్పుడూ పిక్సెల్‌కు పిక్సెల్ కలవవు. వాటిని కలిపే వసతి ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందన్నది ఇక్కడ అసలైన తేడాగా మారుతుంది. భక్తులు కొలిచే స్థలాన్ని గాలిలో లేపే ముందు, అది చూసేవారికి వింతగా ఉంటుందా, నొప్పి కలిగిస్తుందా అని ఒకసారి ఆలోచించుకోవడం కూడా మంచిది.

వెలుగు లెక్క

రెండో దారి పట్టేవారు సాఫ్ట్‌వేర్ పాఠాల కన్నా ముందు సూర్యుడి లెక్క నేర్చుకోవాలి. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. అందువల్ల ఏప్రిల్ ఆఖరు రోజుల్లోనూ, మళ్ళీ ఆగస్టు మధ్యకు కాస్త ముందూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన గడియారంలో ఆ సమయం పన్నెండుంపావు, పన్నెండున్నర మధ్య ఉంటుంది. ఆ వేళ నిలువు వస్తువుకు నీడ దాదాపు ఉండదు. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగతా ఏడాదంతా ఉత్తరానికి పడుతుంది. వర్షాధారపు శనక్కాయ పీకే నవంబరు మొదట్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 61 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అయిదున్నర అడుగుల మనిషికి దాదాపు మూడడుగుల నీడ ఉత్తరానికి సాగుతుంది. ఏప్రిల్ ఆఖరున మధ్యాహ్నం తీసిన గుండు ఫోటోను నవంబరు చేనులో పెడితే, గుండు పైభాగమంతా ఎండ, పక్కలంతా నీడ, పక్కనున్న రైతుకు మాత్రం ఒక పక్క ఎండ, ఒక పక్క నీడ. దీన్ని వెలుగునూ చీకటినీ సవరించే కర్వ్స్ పనిముట్టుతో దిద్దడం కన్నా నవంబరులో వెళ్ళి గుండును మళ్ళీ తీసుకురావడమే తక్కువ పని.

నీడ అంచు సంగతి మరింత ఆసక్తికరమైనది. సూర్యబింబం ఆకాశంలో దాదాపు అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కనుక, వస్తువుకూ నీడ పడే నేలకూ మధ్య దూరంలో సుమారు నూట ఎనిమిదో వంతు మేర నీడ అంచు మసకబారుతుంది. జానెడు ఎత్తున్న శనక్కాయ ఆకు నీడకు ఆ మసక రెండు మిల్లీమీటర్లు. ముప్పై అడుగుల ఎత్తున తేలే గుండు నీడకు మూడు అంగుళాల పైచిలుకు. చాలా కాంపోజిట్ చిత్రాల్లో గాలిలో ఉన్న వస్తువు నీడ, నేల మీది రాయి నీడ ఒకే పదునుతో ఉంటాయి, అందుకే ఆ వస్తువు తేలుతున్నట్టు కాక నేల మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఎత్తును మార్చినప్పుడల్లా ఈ మసకనూ మార్చాలి. ఒకసారి బ్లర్ వేస్తే పిక్సెళ్ళలో కలిసిపోయి వెనక్కి రాని సాఫ్ట్‌వేర్ ఇక్కడే ఇబ్బంది పెడుతుంది.

నీడ రంగు నలుపు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎండ తగలని చోటికి ఆకాశపు వెలుగు చేరుతుంది కనుక నీడ కాస్త నీలి ఛాయలో ఉంటుంది. నల్ల రంగు పూసి, కింది లేయరును చీకటి చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టడం కన్నా, నేల ఫోటోనే కర్వ్స్‌తో చీకటి చేసి, ఆ చీకటిని మాస్కుతో నీడ ఆకారానికి పరిమితం చేస్తే మట్టి గరుకుదనం, గడ్డిపోచలు చెక్కుచెదరకుండా నిలుస్తాయి. మన ఎర్రనేలల్లో ఇంకో పని మిగిలి ఉంటుంది: ఎండ పడిన మట్టి నుంచి లేచిన ఎరుపు గుండు అడుగుభాగానికి అంటుతుంది. ఆ ఎరుపు లేకపోతే గుండు ఏ సముద్రం మీదో తీసినట్టుంటుంది.

సాఫ్ట్‌వేర్ల పోలిక

ఫోటోషాప్ 1990లో వచ్చింది; కాంపోజిట్ పనికి ప్రాణమైన లేయర్లు మూడో వెర్షన్‌తో 1994లో చేరాయి. మిగతావాటితో పోలిస్తే దీనికున్న అసలైన ఆధిక్యం మూడు చోట్ల ఉంది. చేత్తో తీసిన ఫ్రేములను తనంతట తాను కలిపే వసతి ఉంది, కాబట్టి లేపాక్షి లాంటి చిత్రాలకు ఇది హాయి. జుట్టు, గడ్డి, పురి విప్పిన వేళ్ళు వంటి చిక్కు అంచులను కత్తిరించడంలో దీని సెలెక్ట్ అండ్ మాస్క్ శ్రమ తగ్గిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది స్మార్ట్ ఆబ్జెక్ట్, అంటే అసలు చిత్రాన్ని చెడగొట్టకుండా తనలో దాచుకునే లేయరు. ఒక బల్బును స్మార్ట్ ఆబ్జెక్టుగా మార్చి, దాని కాపీలు ఇరవై వేళ్ళకు వేలాడదీసిన తర్వాత, బల్బు రంగు నచ్చకపోతే ఒక్కచోట మార్చితే ఇరవై బల్బులూ మారతాయి. స్మార్ట్ ఆబ్జెక్టుకు వేసిన బ్లర్‌ను ఎప్పుడైనా తెరిచి తగ్గించవచ్చు, పెంచవచ్చు. లోటల్లా చందా. 2013 నుంచి కొత్త వెర్షన్లు చందా పద్ధతిలోనే దొరుకుతున్నాయి. కట్టడం ఆపితే ఫైళ్ళు మన దగ్గరే ఉన్నా వాటిని దిద్దే పనిముట్టు ఉండదు. పెళ్ళి ఆల్బముల డిజైనింగుతో బతికేవారికి, స్టూడియోకూ ల్యాబుకూ మధ్య పి.ఎస్.డి. (ఫోటోషాప్ సొంత రూపపు) ఫైళ్ళు తిరిగే పనిలో ఉన్నవారికి ఆ చందా వృత్తి ఖర్చు. ఏడాదికి నాలుగైదు చిత్రాలు చేసే అభిరుచిదారుకు అది అనవసరం.

అఫినిటీని బ్రిటన్‌కు చెందిన సెరిఫ్ సంస్థ రూపొందించింది. ఫోటో దిద్దుబాటుకు ఉద్దేశించిన రూపం 2015లో వచ్చింది. 2024లో కాన్వా ఆ సంస్థను కొనుగోలు చేసింది, 2025 అక్టోబరు చివర కొత్త అఫినిటీని ఉచితంగా విడుదల చేసింది. ఖాతా తెరవాలి, కృత్రిమ మేధ వసతులు కొన్నిటికి మాత్రం కాన్వా చందా కావాలి. మన రెండు కొలతల మీద నిలిపి చూస్తే ఇది ఫోటోషాప్‌కు చాలా దగ్గరగా వస్తుంది. బ్లర్‌ను విడి లేయరుగా, లైవ్ ఫిల్టరుగా పెట్టవచ్చు. దానికే మాస్కు తొడిగి గుండు నీడ ఒక కొసన పదునుగా, మరో కొసన మెత్తగా చేయవచ్చు. స్టాక్ వసతితో చేతి ఫ్రేములనూ కలుపుతుంది. పి.ఎస్.డి. తెరుస్తుంది, అయితే ఎదుటివారి ఫైలులోని ప్రతి ఎఫెక్టూ ఉన్నదున్నట్టు వస్తుందని నమ్ముకుని పనికి ఒప్పుకోకూడదు. విండోస్ లేదా మ్యాక్ ఉండి, రంగుల మెట్లు ఎక్కువగా ఉండే పదహారు బిట్ల ఫైళ్ళతో నింపాదిగా పని చేయాలనుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

గింప్ మొదటి విడుదల 1996 నాటిది. ఉచితం, మూలం బహిరంగం, లైనక్స్ మీద కూడా నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్‌ల మీద మొరాయించదు. దీని మీద ఒకప్పుడు ఉన్న పెద్ద ఫిర్యాదు న్యాయమైనదే: ఫిల్టరు వేస్తే పిక్సెళ్ళు శాశ్వతంగా మారిపోయేవి. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఫిల్టర్లను తర్వాత తెరిచి మార్చే వీలు వచ్చింది, అందువల్ల నీడ మసక విషయంలో పాత విమర్శ ఇక వర్తించదు. అయినా రెండు లోట్లు మిగిలాయి. 3.0లో స్మార్ట్ ఆబ్జెక్టుకు సాటి వచ్చేది లేదు, ఇరవై బల్బుల రంగు మార్చాలంటే బల్బులన్నిటినీ ఒక గుంపుగా కట్టి గుంపుకే దిద్దుబాటు వేసుకోవాలి. చేతి ఫ్రేములను కలపడానికి హ్యూగిన్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ సాయం కావాలి. కెమెరా దిద్దకుండా దాచే రా ఫైళ్ళకు డార్క్‌టేబుల్ లేదా రాథెరపీ కావాలి. కత్తిరింపు ఎక్కువగా చేతిపనే. అయితే వేసవిలో మన ఆకాశం దుమ్ముతో తెల్లగా వెలిసిపోయి ఉంటుంది కదా, మామూలు ఫోటోగ్రాఫర్లు విసుక్కునే ఆ తెలుపు కాంపోజిట్ చేసేవారికి వరం. ఆ ఆకాశం ముందు నిలిచిన వేపచెట్టును నీలం ఛానెల్‌లో, అంటే ఫోటోలోని నీలం పాలు మాత్రమే చూపే రూపంలో చూస్తే ఆకులు నల్లగా, ఆకాశం తెల్లగా విడిపోతాయి; ఆ ఛానెల్ నకలును లెవెల్స్‌తో ఇంకాస్త గట్టిపరచి, నలుపు తెలుపులను తారుమారు చేసి మాస్కుగా పెడితే ఒక్కో ఆకునూ చేత్తో గీయాల్సిన పని ఉండదు. ఈ కిటుకు ఈ పోలికలోని నాలుగు సాఫ్ట్‌వేర్లలోనూ చెల్లుతుంది, గింప్ వాడేవారికి మాత్రం తప్పనిసరి విద్య.

నాలుగోది ఫోటోపీ, బ్రౌజరులో తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబులోనో, సాఫ్ట్‌వేర్ ఎక్కించే అధికారం లేని కంప్యూటరు మీదనో నేర్చుకునే విద్యార్థికి ఇంతకు మించిన తోవ లేదు. లేయర్ మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు ఉన్నాయి, అమరిక ఫోటోషాప్‌ను పోలి ఉంటుంది, పి.ఎస్.డి. తెరుస్తుంది. ప్రకటనలు కనిపిస్తాయి. దిద్దుబాటు మన కంప్యూటరులోనే జరుగుతుంది కనుక ఫోటో మరెక్కడికో వెళుతుందన్న భయం అక్కర్లేదు. పెద్ద ఫైళ్ళకు బ్రౌజరు జ్ఞాపకశక్తి చాలదు.

ఫోనులో స్నాప్‌సీడ్, పిక్స్‌ఆర్ట్ వంటివి ఊహను ముసాయిదాగా చూసుకోవడానికి బాగా పనికొస్తాయి. చేనులో నిలబడే స్నాప్‌సీడ్ డబుల్ ఎక్స్‌పోజర్‌తో గుండును ఆకాశం మీద వేసి చూస్తే, మరో రెండడుగులు పక్కకు జరిగి తీయాలో లేదో అక్కడే తెలుస్తుంది. చివరి చిత్రం మాత్రం వాటిలో చేయవద్దు.

యంత్రం, ప్రింటు

కంప్యూటరుకు ఎంత ర్యామ్ కావాలన్నది చిన్న గుణకారం. 24 మెగాపిక్సెళ్ళ ఫోటో పారదర్శకతతో కూడిన ఒక లేయరుగా ఎనిమిది బిట్లలో 96 ఎంబీ, పదహారు బిట్లలో 192 ఎంబీ ఆక్రమిస్తుంది. పది నిండు లేయర్లు పదహారు బిట్లలో రెండు జీబీకి చేరతాయి, అన్‌డూ చరిత్ర అదనం. ఎనిమిది జీబీల యంత్రం మీద ఓపికతో నడుస్తుంది, పదహారు ఉంటే నిశ్చింత. ఆకాశం పెద్దగా ఉండే చిత్రాలకు పదహారు బిట్లే వాడాలి. ఎనిమిది బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉండటంతో సాయంత్రపు ఆకాశాన్ని కాస్త లాగగానే చారలు పడతాయి.

ప్రింటు కొలత కూడా ముందే తేల్చుకోవాలి. 12×18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 3600×5400, అంటే 19 మెగాపిక్సెళ్ళు పైచిలుకు కావాలి. 4000×3000 పిక్సెళ్ళ ఫోను ఫోటో 13×10 అంగుళాల దాకా నిశ్చింతగా వస్తుంది. ముక్కల్లో ఒకటి ఫోనుది, మరొకటి పెద్ద కెమెరాది అయితే, పదునైనదాన్ని కొంచెం మెత్తబరచి, రెండింటి మీదా ఒకే గ్రెయిన్ (సన్నని చుక్కల గరుకు) వేయడం తప్ప మార్గం లేదు.

కృత్రిమ మేధ ఎక్కడ ఒదుగుతుంది

2023లో ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ వచ్చిన తర్వాత, వాక్యం రాస్తే గుండు దానంతట అదే తేలుతుంది కదా, ఇంత లెక్క ఎందుకని అడిగేవారు పెరిగారు. చేను అంచున చాలకపోయిన నాలుగు అంగుళాల మట్టిని పొడిగించడానికి, అడ్డొచ్చిన కరెంటు తీగను తుడవడానికి దాన్ని నేనూ సిఫారసు చేస్తాను. పెద్ద భాగాన్ని నింపమంటే పక్కనున్న అసలు ఫోటో కన్నా వివరం మెత్తబడుతుంది, పెద్ద ప్రింటులో ఆ తేడా బయటపడుతుంది. పైగా అది ఇచ్చే గుండు ఏ ఊరి గుండూ కాదు. రాయలసీమ గుండ్ల మీద ఉండే పగుళ్ళు, వాన చారలు దానికి తెలియవు. ప్రకటనకో, పోస్టరుకో గంటలో బొమ్మ కావాలంటే ఆ దారి తప్పు కాదు, బొమ్మ ఎలా చేశారో దాచకుండా చెబితే చాలు.

పోటీలకు పంపేవారికి మాత్రం ఈ ఎంపిక స్వేచ్ఛ లేదు. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్, ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా గుర్తింపు ఉన్న సలోన్లలో (ఫోటో పోటీలలో) ఓపెన్ విభాగాలకు కాంపోజిట్లు పంపవచ్చు, అయితే అందులోని ప్రతి ముక్కా పంపినవారు స్వయంగా తీసిన ఫోటో అయి ఉండాలి. కృత్రిమ మేధ పుట్టించిన భాగాలకు చోటు లేదు. ఇతరుల దగ్గర, ఉచిత ఫోటోల సైట్లలో దొరికిన మబ్బులూ పనికిరావు. నేచర్ విభాగంలో కాంపోజిట్‌కే తావు లేదు. అందువల్ల పోటీల ఆలోచన ఉన్నవారు తుది జెపెగ్‌తో సరిపెట్టుకోకుండా, లేయర్లతో ఉన్న అసలు ఫైలునూ, ప్రతి ముక్క తాలూకు రా ఫైలునూ ఒకే ఫోల్డరులో భద్రపరచుకోవాలి. నిర్వాహకులు అడిగితే చూపించాల్సినవి అవే.